దిగులు మందుకు వారాలెందుకు పడుతుంది? – సెరటోనిన్ గ్రాహకాలపై ఒక పాఠం

(ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ, ద్వితీయ సంవత్సరం విద్యార్థి)



జ్వరానికి మాత్ర వేసుకుంటే గంటలో చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. తలనొప్పి మాత్ర అరగంటలో పనిచేస్తుంది. కానీ మానసిక కుంగుబాటుకు (డిప్రెషన్‌కు) డాక్టరు రాసే మాత్ర రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తే గానీ సరైన ఫలితం చూపదు. అలాగని ఆ మందు ఊరికే కూర్చోదు. మెదడులో తాను చేయాల్సిన మొదటి పనిని కొన్ని గంటల్లోనే చేసేస్తుంది. మరి మిగతా రోజులన్నీ ఏం జరుగుతున్నట్లు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఎలుకల మీద, చిట్టెలుకల మీద ప్రయోగాలు చేస్తున్నారు. ఆ ప్రయోగాల సారాన్ని, వాటిలో తేలిన సెరటోనిన్ గ్రాహకాల పాత్రను నాకు అర్థమైనంతలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది కేవలం పరీక్షకు పనికొచ్చే పాఠం కాదు. మన ఇళ్లలో, మన గదుల్లో ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు అవసరమయ్యే విషయం.

సెరటోనిన్ అంటే ఏమిటి?

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక నాడీకణానికీ మరో నాడీకణానికీ మధ్య చాలా చోట్ల సన్నని ఖాళీ ఉంటుంది. ఆ చోటును నాడీసంధి (సినాప్స్) అంటాం. మొదటి కణం చివర నుంచి కొన్ని రసాయనాలు ఆ ఖాళీలోకి విడుదలై, అవతలి కణానికి కబురు అందిస్తాయి. వీటినే న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. సెరటోనిన్ వాటిలో ఒకటి.

దీని చరిత్ర పేగుల దగ్గర మొదలైంది. 1930లలో ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామర్ జీర్ణనాళపు పొర నుంచి ఒక పదార్థాన్ని తీసి 'ఎంటెరమిన్' అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అది సీరంలో దొరికింది, రక్తనాళాల బిగువును (టోన్‌ను) పెంచుతుంది కాబట్టి 'సెరటోనిన్' అన్నారు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. 1953లో బెట్టీ ట్వరోగ్, పేజ్ కలిసి ఇది మెదడులోనూ ఉందని చూపించారు. దీని రసాయన నామం 5-హైడ్రాక్సీట్రిప్టమిన్. క్లుప్తంగా 5-హెచ్‌టి అని రాస్తాం.

మన శరీరం దీన్ని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. పప్పులు, పాలు, గుడ్లు, వేరుశనగ ద్వారా ట్రిప్టోఫాన్ మనకు అందుతుంది. శరీరంలోని మొత్తం సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. రక్తంలోని సెరటోనిన్ మెదడులోకి ప్రవేశించలేదు. అందువల్ల మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకోవాలి. ఆ పని చేసే కణాలు మెదడు కాండం మధ్యలో, రాఫే కేంద్రకాలు అనే చోట ఉంటాయి. వాటి సంఖ్య కొన్ని లక్షలే. కానీ వాటి తంతువులు మెదడులో దాదాపు అన్ని భాగాలకూ వ్యాపిస్తాయి. నిద్ర, ఆకలి, భయం, ఓర్పు, ఉత్సాహం వంటి ఎన్నో విషయాల్లో సెరటోనిన్ ప్రమేయం ఉండడానికి కారణం ఇదే.

క్షయ వార్డు, సర్పగంధి వేరు

కుంగుబాటుకు మందు ఉంటుందని మొదట ఎవరూ అనుకుని వెతకలేదు. 1952లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో ఉన్న సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే మందు ఇచ్చారు. రోగుల్లో అనుకోని హుషారు కనిపించింది. ఈ మందు మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందని తెలిసింది. సెరటోనిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను విచ్ఛిన్నం చేసేది ఆ ఎంజైమే.

దీనికి ఎదురు కథ మన నేల మీద పుట్టింది. సర్పగంధి వేరును మన ఆయుర్వేద వైద్యులు ఎంతో కాలంగా వాడుతున్నారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అది రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ వైద్య పత్రికలో రాయడంతో ప్రపంచం దృష్టి దాని మీద పడింది. 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. 1955లో అమెరికాలో బ్రోడీ, ప్లెచర్, షోర్ అనే శాస్త్రవేత్తలు రిసర్పిన్ ఇస్తే జంతువుల మెదడులో సెరటోనిన్ నిల్వలు తగ్గిపోతాయని కనుగొన్నారు. రిసర్పిన్ వాడిన కొందరు రోగులు దిగాలు పడ్డారని వైద్యులు రాశారు. ఆ సంబంధం ఎంత గట్టిదన్న దానిపై తర్వాత చాలా చర్చ జరిగింది. ఏమైనా, మనిషి మనఃస్థితికీ ఈ రసాయనాలకూ లంకె ఉండవచ్చన్న ఆలోచన అప్పుడే బలపడింది.

ఆ దారిలోనే ఫ్లూఆక్సెటిన్ వచ్చింది. దానిపై మొదటి పరిశోధనా వ్యాసం 1974లో వెలువడింది. 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ కూడా ఈ కోవలోవే. విడుదలైన సెరటోనిన్‌ను మళ్లీ కణంలోకి లాక్కునే రవాణా ప్రోటీన్‌ను ఇవి అడ్డుకుంటాయి. ఫలితంగా నాడీసంధిలో సెరటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఒకే తాళంచెవి, పద్నాలుగు తాళాలు

సెరటోనిన్ విడుదలైతే సరిపోదు. దాన్ని అందుకునే ప్రోటీన్ అవతల ఉండాలి. దానినే గ్రాహకం (రిసెప్టర్) అంటాం. తాళంచెవి తాళంలో ఇమిడినట్లు సెరటోనిన్ గ్రాహకంలో ఇముడుతుంది. 1957లో గాడమ్, పికరెల్లి గినీ పంది పేగు ముక్క మీద పరీక్షించి సెరటోనిన్‌కు కనీసం రెండు రకాల గ్రాహకాలు ఉన్నాయని చెప్పారు. నేడు మనకు ఏడు కుటుంబాలు, వాటిలో మొత్తం 14 రకాలు తెలుసు. 5-హెచ్‌టి1 నుంచి 5-హెచ్‌టి7 వరకు వాటికి అంకెలిచ్చారు. కుటుంబంలోని ఉపరకాలను 1ఎ, 1బి, 2ఎ, 2సి అని గుర్తిస్తారు. వీటిలో 5-హెచ్‌టి3 ఒక్కటి అయాన్లు దూసుకుపోయే ద్వారం. మిగతావన్నీ జి-ప్రోటీన్ సాయంతో కణం లోపలికి కబురు పంపుతాయి.

తాళంచెవి ఒకటే అయినా ఏ తాళం తెరిచిందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఉదాహరణకు, వాంతులు ఆగడానికి ఆసుపత్రిలో ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ 5-హెచ్‌టి3 గ్రాహకాన్ని మూసేస్తుంది. పార్శ్వపు తలనొప్పికి ఇచ్చే సుమట్రిప్టాన్ 1బి, 1డి గ్రాహకాలను ఉత్తేజపరుస్తుంది. ఆందోళనకు ఇచ్చే బుస్పిరోన్ 1ఎ మీద పనిచేస్తుంది. అంటే 'సెరటోనిన్ పెరిగితే సంతోషం, తగ్గితే దుఃఖం' అన్న మాట ఎంత అసంపూర్ణమో చూడండి. ఎంత ఉందన్న దానితో పాటు ఎక్కడ, ఏ గ్రాహకం మీద పనిచేసిందన్నది కూడా అడగాలి.

ఎలుకకు దిగులుంటుందా?

నేను ప్రాజెక్టు పని గురించి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ నవ్వి, 'ఎలుకకు దిగులేంట్రా? దానికేం అప్పులున్నాయా, పెళ్లి కావలసిన ఆడపిల్లలున్నారా?' అని అడిగింది. అమ్మ బడికి వెళ్లలేదు. కానీ ఈ రంగంలోని పెద్ద శాస్త్రవేత్తలు వేసుకునే ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. ఎలుక తన బాధ చెప్పలేదు. కాబట్టి శాస్త్రవేత్తలు దాని ప్రవర్తనను మాత్రమే కొలుస్తారు. ముఖ్యమైన పరీక్షలు ఇవి.

1. బలవంతపు ఈత పరీక్ష: 1977లో పోర్సోల్ట్ బృందం ప్రవేశపెట్టింది. గాజు పాత్రలో నీళ్లు పోసి చిట్టెలుకను వదులుతారు. మొదట అది ఈదుతుంది, గోడ ఎక్కబోతుంది. తర్వాత కదలకుండా తేలుతుంది. చిట్టెలుకల్లో సాధారణంగా ఆరు నిమిషాల పరీక్షలో చివరి నాలుగు నిమిషాలు లెక్కిస్తారు. కుంగుబాటు మందు ఇస్తే ఈ నిశ్చల సమయం తగ్గుతుంది.

2. తోక వేలాడదీత పరీక్ష: 1985లో వచ్చింది. సూత్రం ఒకటే, నీళ్లు ఉండవు.

3. దీర్ఘకాల స్వల్ప ఒత్తిడి: 1980లలో పాల్ విల్నర్ అభివృద్ధి చేశాడు. బోను వంచడం, ఊక తడపడం, రాత్రిపూట దీపం వెలిగించి ఉంచడం వంటి చిన్న చిన్న ఇబ్బందులను వారాల తరబడి మార్చి మార్చి పెడతారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక మామూలు నీళ్ల కంటే పంచదార నీళ్లనే ఇష్టపడుతుంది. ఒత్తిడిలో ఉన్న ఎలుకకు ఆ ఇష్టం తగ్గుతుంది. మందు కొన్ని వారాలు ఇస్తే తిరిగి వస్తుంది. మనిషిలో కుంగుబాటుకు ఇది కొంత దగ్గరి పోలిక.

4. కొత్త చోట మేత పరీక్ష: ఆకలిగా ఉన్న చిట్టెలుకను వెలుతురున్న కొత్త చోట వదిలి, మధ్యలో మేత పెడతారు. భయాన్ని దాటి మేత ముట్టడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. ఇందులో మందు వారాల పాటు ఇస్తేనే తేడా కనిపిస్తుంది.

మన దేశంలో ఇలాంటి ప్రయోగాలు ఇష్టం వచ్చినట్లు చేయడానికి వీల్లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిటీ నియమాలు ఉన్నాయి. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం అనుమతి ఇస్తేనే ప్రయోగం మొదలుపెట్టాలి. ఎన్ని జంతువులు, ఎందుకు అవసరమో ముందే రాసివ్వాలి.

గ్రాహకం పాత్రను ఎలా తేలుస్తారు?

మూడు దారులున్నాయి. మొదటిది, ఆ గ్రాహకాన్ని ఉత్తేజపరిచే పదార్థం (అగోనిస్ట్) ఇచ్చి చూడడం. రెండోది, దాన్ని మూసేసే పదార్థం (యాంటాగోనిస్ట్) ముందుగా ఇచ్చి, తర్వాత మందు పనిచేస్తుందో లేదో చూడడం. మూడోది, ఆ గ్రాహకపు జన్యువునే తొలగించిన చిట్టెలుకలను (నాకౌట్) పెంచి వాటి మీద మందు పరీక్షించడం.

సెరటోనిన్ నిజంగా అవసరమా అన్నది కూడా ఇలాగే పరీక్షించారు. పీసీపీఏ అనే పదార్థం సెరటోనిన్ తయారీని ఆపేస్తుంది. 1999లో ఇర్విన్ లకీ బృందం ఎలుకలకు ముందుగా పీసీపీఏ ఇచ్చి తర్వాత ఫ్లూఆక్సెటిన్ ఇచ్చింది. ఈత పరీక్షలో ఫ్లూఆక్సెటిన్ ప్రభావం పోయింది. కానీ నారడ్రినలిన్ మీద పనిచేసే డెసిప్రమిన్ ప్రభావం అలాగే ఉంది. అంటే ఫ్లూఆక్సెటిన్ దారి సెరటోనిన్ గుండానే వెళుతుంది. అయితే కుంగుబాటు మందులన్నిటికీ అదే దారి కాదు.

కాలువ మీద లస్కరు: 1ఎ గ్రాహకం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 1ఎ గ్రాహకం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, సెరటోనిన్‌ను అందుకునే కణాల మీద. ఉదాహరణకు జ్ఞాపకానికి, భావోద్వేగానికి సంబంధించిన హిప్పోకాంపస్‌లో. రెండోది, సెరటోనిన్‌ను విడుదల చేసే రాఫే కణాల మీదే. దీన్ని స్వీయగ్రాహకం (ఆటోరిసెప్టర్) అంటారు. తాను విడుదల చేసిన సెరటోనిన్ ఎక్కువైందని ఇది పసిగడితే, ఆ కణం వేగాన్ని తగ్గిస్తుంది.

మన ఊరి కాలువనే ఉదాహరణగా తీసుకుందాం. తూము నుంచి కాలువలోకి నీరు వస్తుంది. చివరి ఆయకట్టు పొలాలకు అది చేరాలి. కానీ తూము దగ్గరే ఒక మోటారు ఆ నీటిని తోడి వెనక్కి పోస్తోంది అనుకోండి. ఫ్లూఆక్సెటిన్ వచ్చి ఆ మోటారును ఆపేసింది. నీటిమట్టం పెరగాలి. పెరిగింది కూడా. అయితే తూము దగ్గర లస్కరు ఉన్నాడు. మట్టం పెరిగిందని చూసి అతడు షట్టరు దించేశాడు. ఇక చివరి పొలాలకు అదనంగా చేరిందేమీ పెద్దగా లేదు. ఆ లస్కరే రాఫే కణాల మీది 1ఎ స్వీయగ్రాహకం.

రోజుల తరబడి మట్టం ఎక్కువగానే ఉంటే ఏమవుతుంది? లస్కరు దానికి అలవాటు పడతాడు, షట్టరు మెల్లగా మళ్లీ ఎత్తుతాడు. శాస్త్ర భాషలో చెప్పాలంటే స్వీయగ్రాహకాల స్పందన మొద్దుబారుతుంది. 1980లలో కెనడాలోని మాంట్రియల్‌లో బ్లియే, డి మాంటిగ్నీ ఎలుకల రాఫే కణాల విద్యుత్ సంకేతాలను కొలిచి దీన్ని చూపించారు. ఈ తరహా మందు ఇచ్చిన రెండు రోజులకు ఆ కణాల వేగం పడిపోయింది. పద్నాలుగు రోజులకు మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. ఆ రెండు వారాలు రోగి ఎదురుచూసే కాలంతో ఎంత చక్కగా సరిపోయాయో గమనించండి.

2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని రెనె హెన్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. మిగతా మెదడులో 1ఎ గ్రాహకాలను ముట్టుకోకుండా, రాఫేలోని స్వీయగ్రాహకాలు మాత్రమే ఎక్కువగా ఉన్న చిట్టెలుకలను, తక్కువగా ఉన్న చిట్టెలుకలను పోల్చింది. ఎక్కువ ఉన్నవాటి మీద ఫ్లూఆక్సెటిన్ పనిచేయలేదు. తక్కువ ఉన్నవాటి మీద పనిచేసింది. ఒకే మందు ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడానికి ఇలాంటి తేడాలు కూడా ఒక కారణం కావచ్చని ఈ ప్రయోగం సూచిస్తుంది.

అవతలి ఒడ్డున, అంటే హిప్పోకాంపస్‌లో, కథ తిరగబడుతుంది. అక్కడి 1ఎ గ్రాహకం మందుకు అవసరం. 2003లో ఇదే ప్రయోగశాల నుంచి సాంటరెల్లి తదితరులు రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, 1ఎ గ్రాహకం పూర్తిగా లేని చిట్టెలుకలు కొత్త చోట మేత పరీక్షలో ఫ్లూఆక్సెటిన్‌కు స్పందించలేదు. ఇమిప్రమిన్ అనే వేరే రకం మందుకు మాత్రం స్పందించాయి. అదే వ్యాసంలో మరో సంగతి ఉంది. ఫ్లూఆక్సెటిన్ వారాల పాటు ఇస్తే హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు పుట్టడం పెరుగుతుంది. ఎక్స్-కిరణాలతో ఆ పుట్టుకను ఆపితే మందు ప్రభావం కూడా ఆగిపోయింది. కణం పుట్టి ఎదగడానికి వారాలు పడుతుంది. మందు ఆలస్యానికి ఇది రెండో కారణం కావచ్చు. అయితే కొన్ని జాతుల చిట్టెలుకల్లో కొత్త కణాలు లేకపోయినా మందు పనిచేసిందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

మరి లస్కరును పక్కన పెడితే మందు త్వరగా పనిచేయాలి కదా? ఈ ఆలోచన స్పెయిన్‌కు చెందిన ఆర్టిగాస్‌కు వచ్చింది. రక్తపోటుకు వాడే పిండోలాల్ 1ఎ స్వీయగ్రాహకాన్ని కూడా మూస్తుంది. 1994లో ఆయన బృందం కుంగుబాటు మందుతో పాటు పిండోలాల్ ఇచ్చి చూసింది. తర్వాత జరిగిన పరీక్షల్లో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. కొన్నింటిలో మాత్రం మొదటి వారాల్లో స్పందన త్వరగా కనిపించింది.

మా బాబాయి మాత్రలు

మా ఇంట్లో డిగ్రీ పాసైనవాళ్లలో నేనే మొదటివాణ్ణి. అందుకని ఊరికి వెళితే చుట్టాలు, ఇరుగుపొరుగు మందుల చీటీలు పట్టుకొచ్చి 'ఇదేం మాత్రో చదివి చెప్పరా' అంటారు. మా బాబాయి తెచ్చిన చీటీలో ఎస్సిటలోప్రామ్ ఉంది. మాత్రలు చాలావరకు అలాగే మిగిలి ఉన్నాయి. 'పది రోజులు మింగాను. కడుపులో తిప్పడం తప్ప ఒరిగిందేమీ లేదు, ఆపేశా' అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. సెరటోనిన్ ఎక్కువ భాగం పేగుల్లో ఉంటుందని చదువుకున్నాం. అక్కడి 5-హెచ్‌టి3 గ్రాహకం కదిలితే వికారం పుడుతుంది. అందుకు రెండు రోజులు చాలు. లస్కరు షట్టరు ఎత్తడానికి మాత్రం రెండు వారాలు కావాలి. అంటే ఇబ్బంది ముందు వస్తుంది, మేలు వెనక వస్తుంది. సరిగ్గా ఈ మధ్య కాలంలోనే చాలామంది మాత్ర ఆపేస్తారు. బాబాయికి ఈ కాలువ ఉదాహరణే చెప్పాను. రైతు కాబట్టి నాకంటే త్వరగా పట్టుకున్నాడు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

మిగతా గ్రాహకాలు ఏమంటున్నాయి?

1బి: ఇది కూడా నాడీ తంతువుల చివర బ్రేకులా పనిచేయగలదు. 2006లో స్వెన్నింగ్‌సన్, నోబెల్ గ్రహీత పాల్ గ్రీన్‌గార్డ్ తదితరులు పి11 అనే ప్రోటీన్ ఈ గ్రాహకాన్ని కణం ఉపరితలానికి చేర్చడంలో తోడ్పడుతుందని కనుగొన్నారు. పి11 లేని చిట్టెలుకలు కుంగుబాటును పోలిన ప్రవర్తన చూపాయి. పి11 ఎక్కువగా ఉన్నవి మందు తీసుకున్నవాటిలా ప్రవర్తించాయి.

2ఎ, 2సి: ఈ రెండింటినీ మూసే మిర్టజపిన్ కుంగుబాటు మందుగా వాడుకలో ఉంది. అగోమెలటిన్ అనే మందు మెలటోనిన్ గ్రాహకాలను ఉత్తేజపరుస్తూ 2సిని మూస్తుంది. వింత ఏమిటంటే, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్ 2ఎ గ్రాహకాన్ని మూయదు, ఉత్తేజపరుస్తుంది. దానిపైనా కుంగుబాటు పరిశోధనలు జరుగుతున్నాయి. 2021లో చిట్టెలుకల మీద జరిగిన ఒక అధ్యయనంలో కెటాన్‌సెరిన్‌తో 2ఎను ముందే మూసినా సిలోసైబిన్ మేలు ఆగలేదు. కాబట్టి ఇక్కడి లెక్క ఇంకా తేలలేదు.

4: 2007లో లూకస్ బృందం ఎలుకలకు 5-హెచ్‌టి4 గ్రాహకాన్ని ఉత్తేజపరిచే ఆర్ఎస్ 67333 అనే పదార్థం ఇచ్చింది. మామూలు మందులకు రెండు మూడు వారాలు పట్టే మార్పులు మూడు రోజుల్లోనే కనిపించాయి. త్వరగా పనిచేసే మందు సాధ్యమేనన్న ఆశకు ఈ ప్రయోగం ఒక ఆధారం.

6: దీన్ని ఉత్తేజపరిచినా, మూసినా జంతు పరీక్షల్లో కుంగుబాటు తగ్గించే ఫలితాలు నమోదయ్యాయి. ఈ చిక్కుముడి ఇంకా విడలేదు. మన హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ సంస్థ ఈ గ్రాహకాన్ని మూసే మాసుపిర్డిన్ అనే అణువును రూపొందించింది. దాన్ని కుంగుబాటుకు కాక అల్జీమర్స్ వ్యాధి కోసం పరీక్షించారు.

7: ఈ గ్రాహకం లేని చిట్టెలుకలు ఈత పరీక్షలో తక్కువసేపు నిశ్చలంగా ఉంటాయని 2005లో తెలిసింది. అమిసల్‌ప్రైడ్ అనే మందు మామూలు చిట్టెలుకల్లో పనిచేసి, 7వ గ్రాహకం లేనివాటిలో పనిచేయలేదని 2009లో చూపారు. నాకౌట్ పద్ధతి బలం తెలియడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ జ్ఞానం మందుల షాపు దాకా వచ్చింది. అమెరికాలో 2011లో అనుమతి పొందిన విలజోడోన్ రవాణా ప్రోటీన్‌ను ఆపుతూనే 1ఎను పాక్షికంగా ఉత్తేజపరుస్తుంది. 2013లో వచ్చిన వోర్టియోక్సెటిన్ రవాణా ప్రోటీన్‌తో పాటు 1ఎ, 1బి, 3, 7 వంటి అనేక గ్రాహకాల మీద ఒకేసారి పనిచేస్తుంది.

ఎలుక మనిషి కాదు

ఇంతా చదివి మనం తొందరపడి తీర్మానాలు చేయకూడదు. ఈత పరీక్షలో కదలకుండా తేలడం నిరాశ కాకపోవచ్చు. ఈది లాభం లేదని నేర్చుకుని శక్తి దాచుకోవడం కావచ్చు. పైగా ఆ పరీక్షలో మందు ఒక్కరోజులోనే ఫలితం చూపుతుంది, మనిషికేమో వారాలు పడుతుంది. ఎలుకల్లో బాగా పనిచేసి మనుషుల్లో విఫలమైన అణువులు చాలా ఉన్నాయి. మగ జంతువుల మీదే ఎక్కువ ప్రయోగాలు జరిగాయి. కుంగుబాటు మాత్రం ఆడవాళ్లలో ఎక్కువ.

ఇంకో ముఖ్య విషయం. 2022లో జోవన్నా మాంక్రీఫ్ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, సెరటోనిన్ తక్కువ కావడమే కుంగుబాటుకు కారణమనడానికి స్థిరమైన ఆధారం లేదని రాసింది. దీని మీద వాదోపవాదాలు జరిగాయి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలపకూడదు. జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఒకటి, మందు ఎలా పనిచేస్తుందన్నది ఇంకొకటి. పారాసెటమాల్ జ్వరం తగ్గిస్తుంది. అంతమాత్రాన ఒంట్లో పారాసెటమాల్ లేక జ్వరం వచ్చిందని అనం కదా! 2021లో ఫిన్లాండ్‌లోని కాస్ట్రెన్ బృందం కుంగుబాటు మందులు నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే ట్రక్-బి అనే గ్రాహకానికి నేరుగా అతుక్కుంటాయని చూపింది. కాబట్టి సెరటోనిన్ గ్రాహకాలు కథలో పెద్ద భాగమే గానీ మొత్తం కథ కాదు.

మా అమ్మ ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. ఎలుకకు అప్పులు లేవు, అవమానాలు లేవు. మనిషి దిగులులో అవి ఉంటాయి. వాటిని ఏ గ్రాహకమూ తీర్చదు. కానీ ఆ దిగులు జబ్బుగా ముదిరి నిద్ర, తిండి, చదువు, బతుకు మీద ఆశ పోగొట్టినప్పుడు, మళ్లీ లేచి నిలబడే శక్తిని ఇవ్వడానికి మందు సాయపడుతుంది.

మనం ఏం చేయాలి?

మన హాస్టళ్లకు చిన్న వయసులోనే ఇల్లు వదిలి వస్తాం. ఇంగ్లిష్ మీడియం భయం, బ్యాక్‌లాగులు, ఇంటి దగ్గర డబ్బు ఇబ్బంది, కొన్ని చోట్ల కులం పేరుతో చిన్నచూపు – ఇవన్నీ మనకు తెలిసినవే. రూమ్మేటు రెండు వారాలకు పైగా ఎవరితోనూ మాట్లాడక, మెస్సుకు రాక, రాత్రుళ్లు నిద్రపోక ఉంటే 'వీడికి పొగరు' అనో 'బద్ధకం' అనో అనుకోకండి. పక్కన కూర్చుని అడగండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి. వార్డెన్ గారికి, ఇంటివాళ్లకు వెంటనే చెప్పండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416. ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలోనూ అడగవచ్చు. మానసిక వైద్యం ప్రతి పౌరుడి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

మందు డాక్టరు సలహాతోనే మొదలుపెట్టాలి. ఫలితం లేదని మధ్యలో మానకూడదు, బాగైందని ఒక్కసారిగా ఆపకూడదు. 25 ఏళ్లలోపు వారిలో కొందరికి మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ రోజుల్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. లస్కరు షట్టరు ఎత్తేదాకా తోడుండడం మిత్రుల పని.

చదివిన తర్వాత ఆలోచించండి

1. సెరటోనిన్ గ్రాహకాల్లో జి-ప్రోటీన్‌తో సంబంధం లేనిది ఏది?
2. 1ఎ గ్రాహకం రాఫే కణాల మీద ఉన్నప్పుడు, హిప్పోకాంపస్‌లో ఉన్నప్పుడు దాని పాత్రలో తేడా ఏమిటి?
3. ఫ్లూఆక్సెటిన్ పనికి సెరటోనిన్ అవసరమని పీసీపీఏ ప్రయోగం ఎలా నిరూపించింది?
4. వికారం ముందు, మేలు వెనక రావడానికి కారణం మీ ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెబుతారు?

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు నోటు పుస్తకంలో రాసుకోండి. నాలుగో దానికి జవాబు ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చెప్పి చూడండి.